అవ్వ నిలబెట్టిన ఐదో శీలం





ఈ పాఠం ఐదో శీలం గురించి. మత్తు కలిగించే వాటి జోలికి పోనని మనం రోజూ చెప్పుకునే శీలం అది. దీన్ని ఏదో ఒక సుత్తంతో మొదలుపెట్టి చెప్పవచ్చు. నేను మాత్రం మా అవ్వతో మొదలుపెడతాను. మా నాయనను కన్న తల్లి. ఉదయగిరి, ఆత్మకూరు మధ్య మెట్టలో ఒక పల్లె, ఆ పల్లెకు దూరంగా మన వాడ, ఆ వాడలో ఒక పూరిల్లు. అవ్వ బతుకంతా అక్కడే గడిచింది.

'అవ్వ కబుర్లు ధమ్మం ఎలా అవుతాయి?' అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. బౌద్ధ వాఙ్మయంలో థేరీగాథ అని ఒక గ్రంథం ఉంది. అందులో 73 గాథలు ఉన్నాయి. అన్నీ భిక్షుణులు తమ అనుభవం నుంచి చెప్పుకున్నవే. వాళ్ళలో పుణ్ణిక అనే ఆమె ఒకప్పుడు దాసి. చలికాలంలో కూడా నదిలో దిగి నీళ్ళు మోసేది. మోయకపోతే యజమానుల తిట్లు, దెబ్బలు. అదే నదిలో వణుకుతూ మునుగుతున్న ఒక బ్రాహ్మణుణ్ణి ఆమె అడిగింది: నీళ్ళలో మునిగితేనే పాపం పోయేటట్టయితే కప్పలు, తాబేళ్ళు, చేపలు అన్నీ స్వర్గానికే పోవాలి కదా అని. ఆ మాట ఆమె ఏ గ్రంథంలోనూ చదవలేదు. నీళ్ళు మోసిన ఒళ్ళు ఆమెతో చెప్పించింది. దాసి అనుభవాన్ని ధమ్మంగా గుర్తించిన మార్గం మనది. కాబట్టి మన అవ్వల అనుభవం దగ్గర కూర్చుని నేర్చుకోవడంలో తప్పేమీ లేదు.

మెట్ట బతుకు

నెల్లూరు అనగానే అందరికీ వరి మళ్ళు, పెన్న కాలువలు గుర్తొస్తాయి. అది తూర్పు నెల్లూరు. పడమటి మెట్ట సంగతి వేరు. వానొస్తే పంట, రాకపోతే వలస. పొగాకు ఆకు కొట్టడం, శనక్కాయలు పెరకడం, కంది కోయడం, అడవికి పోయి కట్టెలు తేవడం, ఇదీ ఆడవాళ్ళ కూలి. ఉదయగిరి దుర్గం కొండ నీడలో పుట్టి, రాజుల కథలు వింటూ పెరిగినా, మన వాళ్ళకు ఆ కోటలతో పనిపడింది రాళ్ళు మోసేటప్పుడు మాత్రమే.

మా తాత బావులు తవ్వే పనివాడు. మంచి పనిమంతుడని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. చేతినిండా పని ఉండేది. కానీ ఇంట్లో బియ్యం ఉండేవి కావు. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. వాడ మొదట్లోనే సారా అంగడి. ప్రభుత్వమే పాకెట్లలో పోసి పంపించే రోజులవి. తాగడానికి నీళ్ళు లేని పల్లెలకు కూడా సారా బండి మాత్రం వేళ తప్పకుండా వచ్చేది.

రాత్రి బడి, దూబగుంట

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పల్లెపల్లెనా రాత్రి బడులు పెట్టారు. కూలికి పోయొచ్చిన ఆడవాళ్ళు దీపం ముందు పలక పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళు చదివిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. తాగుబోతు మొగుడి చేతిలో నలిగిపోయిన ఒక ఆడమనిషి కథ. అవ్వ చెప్పేది: "అక్షరాలు తర్వాత వచ్చినాయి అబ్బయ్యా. ముందు ఏడుపొచ్చింది. అది సీతమ్మ కథ కాదు, నా కథే. చుట్టూ చూస్తే అందురూ కళ్ళు తుడుచుకుంటా ఉండారు."

ఈ మాట గుర్తుంచుకోండి. అప్పటిదాకా ప్రతి ఆడమనిషీ తన దెబ్బలను తన తలరాత అనుకుంది. పక్కామెవి కూడా అవే దెబ్బలని తెలిసిన రోజు తలరాత కాస్తా సమస్య అయింది. తలరాతకు మందు లేదు. సమస్యకు కారణం ఉంటుంది. కారణం తొలగిస్తే సమస్య తొలగుతుంది. బుద్ధుడు చెప్పిన నాలుగు ఆర్య సత్యాల దారి ఇదే కదా: దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది, అది పోతుంది, పోవడానికి మార్గం ఉంది.

ఉదయగిరి నియోజకవర్గంలోనే, కలిగిరి మండలంలో దూబగుంట అనే ఊరు ఉంది. సారా మీద పోరాటం అక్కడ రాజుకుంది. ఆ ఊరి ఆడవాళ్ళు ఒక్కటై సారా అంగడిని మూయించారు, సారా బండిని ఊళ్ళోకి రానివ్వలేదు. ముందు నడిచిన వర్ధినేని రోశమ్మను ఆ తర్వాత రాష్ట్రమంతా దూబగుంట రోశమ్మ అనే పిలిచింది. ఆ కబురు పల్లె నుంచి పల్లెకు పాకింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు ఆడవాళ్ళ నిరసన వల్ల మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి.

మా వాడలో కూడా ఆడవాళ్ళు చీపుర్లు, కారప్పొడి పట్టుకుని అంగడి ముందు కూర్చున్నారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అవ్వ పక్కన లాంతరు పట్టుకుని నిలబడ్డాను. ఆ రాత్రి మా తాత ఇంటికొచ్చి బువ్వ పెట్టమన్నాడు. అవ్వ పెట్టలేదు. "తాగినోడికి ఈ ఇంట్లో బువ్వ లేదు. తాగని పూట రా, కడుపునిండా పెడతా" అంది. తాత చెయ్యెత్తాడు. అయితే వాకిట్లో అవ్వ ఒక్కతే లేదు, ఇంకో పది మంది ఆడవాళ్ళు ఉన్నారు. ఎత్తిన చెయ్యి దిగింది.

అవ్వకు అప్పటికి అంబేడ్కర్ పేరు పెద్దగా తెలియదు. కానీ 1927 డిసెంబరులో మహాడ్‌లో బాబాసాహెబ్ మన ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని ఏం చెప్పారో తెలుసా? తాగి వచ్చిన భర్తకు, కొడుక్కు అన్నం పెట్టొద్దని చెప్పారు. 65 ఏళ్ళ తర్వాత ఆ మాట వినకుండానే మా అవ్వ ఆ పని చేసింది. నిజమైన మాటకు ఉన్న బలం అది. కష్టం ఒకటే అయినప్పుడు దారి కూడా ఒకటే కనబడుతుంది.

బుద్ధుడు లెక్క చెప్పిన ఆరు నష్టాలు

సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు సిగాలుడు అనే గృహస్థు యువకుడికి తాగుడు వల్ల వచ్చే ఆరు నష్టాలను వరుసగా చెప్పాడు. తాగితే దేవుడికి కోపం వస్తుందని గానీ, నరకానికి పోతావని బెదిరించి గానీ మొదలుపెట్టలేదు. కంటికి కనబడే లెక్క చెప్పాడు. ఆ ఆరింటినీ నేను మా ఇంట్లో సరిచూసుకున్నాను. మీరు మీ ఇంట్లో చూసుకోండి.

మొదటిది, డబ్బు పోవడం. అవ్వ పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన ముక్కుపుడక, ఇత్తడి బిందె రెండూ తాకట్టుకు పోయి తిరిగి రాలేదు.

రెండోది, తగవులు. అవ్వ ఎడమ మణికట్టు వంకరగా ఉండేది. విరిగినప్పుడు సరిగా అతకలేదు. నీళ్ళ బిందె ఎప్పుడూ కుడి చంకనే పెట్టుకునేది.

మూడోది, రోగాలు. చివరి రోజుల్లో తాత కళ్ళు పచ్చబడ్డాయి, కాళ్ళు వాచాయి, పొట్ట ఉబ్బింది.

నాలుగోది, చెడ్డపేరు. మా నాయనను బడిలో పేరుతో పిలిచేవాళ్ళు కాదు. 'తాగుబోతోడి కొడుకు' అనేవాళ్ళు. ఐదో తరగతితో ఆయన బడి మానేయడానికి పేదరికం ఒక కారణమైతే, ఆ మాట ఇంకో కారణం.

ఐదోది, సిగ్గు విడవడం. తాత చెరువు కట్ట మీద ఒంటిమీద బట్ట లేకుండా పడి ఉంటే, పదేళ్ళ మా నాయన తువ్వాలు కప్పి లేపుకొచ్చాడు. మా నాయన ఈ సంగతి నాకు ఒక్కసారే చెప్పాడు.

ఆరోది, తెలివి మందగించడం. మన వాళ్ళు బాగా ఆలోచించాల్సింది దీని గురించే. తాతకు ప్రభుత్వం ఇచ్చిన పట్టా భూమి ఎకరా ఉండేది. ఒక రాత్రి ఎవరో తాగించి కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. తెల్లారి చూస్తే భూమి లేదు. లోతెంత తవ్వితే నీళ్ళు పడతాయో మట్టి చూసి చెప్పగలిగిన మనిషికి, తన భూమి ఎవరి చేతిలోకి పోయిందో తెలియలేదు.

చూశారా? తాగుడు ఒక మనిషి అలవాటు మాత్రమే కాదు. మన వాడలోని కూలి డబ్బు, భూమి, పిల్లల చదువు, ఆడవాళ్ళ ఒళ్ళు, అన్నీ ఆ పాకెట్టు ద్వారా బయటికి పోయాయి. మనల్ని అణిచిపెట్టడానికి కర్ర అవసరం లేదు, పాకెట్టు చాలు. బాబాసాహెబ్ 22 ప్రతిజ్ఞల్లో మద్యపానం వద్దని ప్రత్యేకంగా చేర్చింది ఊరికే కాదు.

ఐదో శీలం చివరన ఎందుకు ఉందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. అది తప్పితే మిగతా నాలుగూ నిలబడవు. తాగినవాడు కొడతాడు, ఇంట్లోవి ఎత్తుకుపోతాడు, హద్దు దాటుతాడు, అబద్ధమాడతాడు. బుద్ధుడు దీనికి పమాదం అన్నాడు. అంటే మెలకువ తప్పడం, ఏమరపాటు. నాలుగు గోడల ఇంటికి తలుపు లాంటిది ఐదో శీలం.

చట్టం వచ్చింది, పోయింది

ఆడవాళ్ళ పోరాటం వల్ల 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో సారా నిషేధించారు. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. పల్లెల్లో పండగ చేసుకున్నారు. మా తాత రెండేళ్ళు తాగలేదు. ఆ రెండేళ్ళలో ఇంటికి కొత్త కప్పు పడింది, నాకు పుస్తకాలు వచ్చాయి.

1997లో మద్య నిషేధాన్ని సడలించారు. సారా తిరిగి రాలేదు గానీ బ్రాందీ షాపులు తెరుచుకున్నాయి. ఆ తర్వాత బెల్టు షాపులు వాడలోకే వచ్చాయి. తాత మళ్ళీ మొదలుపెట్టాడు.

ఇక్కడ మనం నేర్చుకోవాల్సింది ఏమిటి? చట్టం వద్దని కాదు. చట్టం కావాలి, దానికోసం పోరాడాలి. కానీ చట్టం కూడా అనిత్యమే. ప్రభుత్వం ఇస్తుంది, ప్రభుత్వమే తీసేస్తుంది. శీలం అలా కాదు. దాన్ని మనకు ఇంకొకరు ఇవ్వలేరు, మన దగ్గర నుంచి ఇంకొకరు తీసేయలేరు. చట్టం ఉన్నంతకాలం తాత తాగలేదు. చట్టం పోయినా అవ్వ మాత్రం తన నియమం మార్చుకోలేదు: తాగి వచ్చిన పూట బువ్వ లేదు.

అలాగని ఆమె తాతను వదిలేయలేదు. జబ్బు పడి మంచమెక్కినప్పుడు గంజి పోసింది, ఒళ్ళు తుడిచింది. "తాగుడు మీద నాకు కోపం, మనిషి మీద కాదు" అనేది. ఇది కరుణ. కానీ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కరుణ అంటే దెబ్బలు తింటూ ఊరుకోవడం కాదు. దెబ్బలు తినడం ఓర్పు కాదు, ధమ్మం కాదు. అవ్వ మొదట ఎత్తిన చెయ్యిని ఆపింది, ఆ తర్వాతే గంజి పోసింది. ఆ వరుస మారకూడదు. ఆపడానికి పది మంది తోడు తెచ్చుకుంది. ఆ పది మందే ఆమె సంఘం.

ఇక నా తప్పు

ఇప్పటిదాకా తాత తప్పులు చెప్పాను. పాఠం చెప్పేవాడు తన తప్పు దాచుకుంటే అది నాలుగో శీలానికి విరుద్ధం. అందుకే ఇదీ చెబుతున్నాను.

నేను 21 ఏళ్ళప్పుడు ధమ్మదీక్ష తీసుకున్నాను. త్రిశరణాలు, పంచశీలాలు తప్పు లేకుండా పాళీలో చెప్పగలిగేవాణ్ణి. ఆ మరుసటి ఏడాది ఏప్రిల్ 14న ఆత్మకూరులో ఊరేగింపుకు పోయాం. పొద్దున బాబాసాహెబ్ విగ్రహానికి దండ వేశాం, శీలాలు చెప్పుకున్నాం. రాత్రికి స్నేహితులు సీసా తెరిచారు. 'జయంతి కదా, ఈ ఒక్కరోజే' అన్నారు. నేనూ తాగాను.

ఇంటికి చేరేసరికి బాగా పొద్దుపోయింది. అవ్వ మేలుకునే ఉంది. దగ్గరికి రాగానే ఆమెకు తెలిసిపోయింది. బువ్వ కుండ మీద మూత తీయలేదు.

"మీ తాతకి లేదు. నీకూ లేదు" అంది.

నేను ఏదో చెప్పబోయాను. అప్పుడు ఆమె అంది: "పొద్దున ఆయనకు దండేసిన చేతుల్తోనే గలాసు పట్టుకున్నావా నాయనా? మీ తాత ఎప్పుడూ ఎవురికీ దండ ఎయ్యలా. మీ ఇద్దరికీ అదొక్కటే తేడా."

ఆ రాత్రి నేను పస్తు పడుకున్నాను. అది నాకు దీక్ష తర్వాత జరిగిన అసలు దీక్ష. ఆ తర్వాత మళ్ళీ ముట్టలేదు.

మిత్రులారా, ఈ మాట చెప్పడం నాకు సులువు కాదు, వినడం మీకూ సులువు కాకపోవచ్చు. కానీ మన జయంతి సభల తర్వాత ఏం జరుగుతోందో మనకు తెలుసు. పొద్దున నీలి జెండా, రాత్రికి సీసా. పొద్దున చెప్పిన శీలం రాత్రికి నీళ్ళలో కలుస్తోంది. బయటివాళ్ళు నవ్వడం సరే, అది వాళ్ళ ఇష్టం. కానీ వాకిట్లో ఎదురుచూసే అవ్వకు, అమ్మకు, చెల్లెకు మనం ఏం సమాధానం చెబుతాం? పాళీ నాలుక మీద ఉండి శీలం బతుకులో లేకపోతే, అది మనం వదిలేసి వచ్చిన మంత్రాల లాంటిదే అవుతుంది.

చెరువు, కాలువలు, గండ్లు

దీఘజాణు అనే కోలియ గృహస్థు ఒకసారి బుద్ధుడి దగ్గరికి వచ్చి, 'మేము సంసారులం, పిల్లాజెల్లా ఉన్నవాళ్ళం, మాకు పనికొచ్చేది చెప్పండి' అని అడిగాడు. బుద్ధుడు నాలుగు మాటలు చెప్పాడు: కష్టపడి పనిచేయడం, సంపాదించింది కాపాడుకోవడం, మంచివాళ్ళతో స్నేహం, రాబడికి తగ్గ ఖర్చుతో సమంగా బతకడం. ఒక చెరువు పోలిక కూడా చెప్పాడు. చెరువులోకి నీళ్ళు వచ్చే దారులు నాలుగు, పోయే దారులు నాలుగు. వచ్చేవి మూసి పోయేవి తెరిస్తే చెరువు ఎండుతుంది. పోయే దారులు ఏవంటే వ్యభిచారం, తాగుడు, జూదం, చెడు సావాసం.

చెరువుల మీద బతికే మనకు ఈ పోలిక వేరే వివరించాలా? కట్టకు గండి పడితే ఎంత వాన పడినా ఏం లాభం?

అవ్వ గండి పూడ్చింది కాబట్టే మిగతావి నిలిచాయి. సారా ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపు సంఘాల్లో దాచుకోవడం మొదలుపెట్టారు. అవ్వ కూడా చేరింది. పొదుపు పుస్తకంలో వేలిముద్ర వేయమంటే ఒప్పుకోలేదు. వేలిముద్రతో ఒక ఎకరా పోగొట్టుకున్న ఇల్లు కదా! వంకర టింకరగా అయినా సంతకమే పెట్టింది. నా కాలేజీ మొదటి ఫీజు ఆ రూపాయల్లోంచే వచ్చింది. కష్టం ఆమె చేసింది, కాపాడింది, మంచి స్నేహం సంఘంలో దొరికింది, ఉన్నదాంట్లో సమంగా బతికింది. దీఘజాణుకు చెప్పిన నాలుగూ అందులో ఉన్నాయి.

అవ్వ దగ్గర నేర్చుకోకూడనివి

పెద్దవాళ్ళు చెప్పారు కాబట్టి నమ్మాలి అని కాలామ సుత్తం చెప్పదు. పరంపరగా వస్తోందని నమ్మొద్దు, గురువు చెప్పాడని నమ్మొద్దు, మీ అనుభవంతో పరీక్షించి మంచికి దారితీస్తేనే ఆచరించండి అని బుద్ధుడు కాలాములకు చెప్పాడు. ఆ పరీక్ష అవ్వకు కూడా పెట్టాలి.

అవ్వ మా మేనత్తకు 14 ఏళ్ళకే పెళ్ళి చేసింది. ఇంట్లో తాగుబోతు తండ్రి, ఆడపిల్లను ఎలా కాపాడుకోవాలన్న భయం. భయంతో చేసిన పని మంచి చేయలేదు. అత్త బతుకు కూడా అవ్వ బతుకులాగే మొదలైంది. "పలక పట్టుకోవాల్సిన చేతికి తాడు కట్టించినా" అని అవ్వ చివరిదాకా బాధపడింది. 1942 జూలైలో నాగపూర్ మహిళా సభలో బాబాసాహెబ్ పిల్లలకు పెళ్ళి చేయడానికి తొందరపడొద్దని, చదివించమని, భార్య భర్తకు బానిసగా కాక స్నేహితురాలిగా నిలవాలని చెప్పారు. ఆ మాట మా వాడకు చేరడానికి చాలా ఆలస్యమైంది. మీ ఇంట్లో ఆలస్యం చేయకండి.

పోలేరమ్మ కొలుపులకు అప్పు చేసి మేకను కోయడం కూడా అవ్వ చేసింది. దీక్ష తీసుకున్న కొత్తలో నేను దీని మీద ఆమెతో గట్టిగా పోట్లాడాను. 'మూఢనమ్మకం' అని అరిచాను. ఆమె నన్నే అడిగింది: "మీ బుద్ధుడు తాగుడు గురించి ఏం చెప్పినాడు?" ఆరు నష్టాలూ చెప్పాను. వేళ్ళు మడుస్తూ విని, "ఇయ్యన్నీ నా ఇంట్లో జరిగినయ్యే. ఆయన మన ఇల్లు చూసి చెప్పినట్టుండాదే" అంది. ఆ తర్వాత ఆమే అడిగి అడిగి వినేది. మేకను కోయడం మానింది. ఆ డబ్బు పొదుపులో వేసింది. నా అరుపుల వల్ల ఆమె మారలేదు. తన అనుభవానికి ధమ్మంలో సాక్ష్యం దొరికాక మారింది. మన పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. వాళ్ళను ఓడించడానికి పోవద్దు. వాళ్ళకు ఇప్పటికే తెలిసిన నిజం దగ్గర మొదలుపెట్టాలి.

ఒక వైశాఖ పున్నమికి మా ఇంట్లో అందరం కూర్చుని శీలాలు చెప్పుకున్నాం. అవ్వకు పాళీ నోరు తిరగలేదు. నాలుగింటికీ పెదాలు కదిపి ఊరుకుంది. ఐదోదాని అర్థం చెప్పగానే, "ఇది నాకు తెలుసులే" అంది.

అవ్వ ఇప్పుడు లేదు. ఆ మాట ఉంది.

ఈ వారం ఆచరణ

1. మీ ఇంట్లో ఉన్న పెద్ద ఆడమనిషి దగ్గర ఒక పూట కూర్చోండి. తాగుడు వల్ల ఇంట్లో ఏమేం పోయాయో అడగండి. మధ్యలో అడ్డుపడకండి, నీతులు చెప్పకండి, వినండి.

2. విన్నదాన్ని సిగాలోవాద సుత్తంలోని ఆరు నష్టాలతో సరిచూడండి. ఇంట్లో అందరూ కలిసి మాట్లాడుకోండి, పిల్లలను కూడా కూర్చోబెట్టుకోండి.

3. మీ ఊళ్ళో రాబోయే జయంతి, వర్ధంతి సభలకు ముందే కమిటీలో కూర్చుని, ఆ రోజు మద్యం ఉండదని తీర్మానం చేయండి. ఒక్కరు చెబితే నవ్వుతారు, పది మంది చెబితే వింటారు.

4. తాగుడు మానాలనుకునే వాళ్ళను ఎగతాళి చేయకండి. అలవాటు ముదిరినవాళ్ళకు ఒక్కసారిగా మానితే ప్రమాదం ఉంటుంది, డాక్టరుకు చూపించండి. మానిన ప్రతి రోజునూ మెచ్చుకోండి.

5. ఇంట్లో ఎవరైనా దెబ్బలు తింటుంటే అది వాళ్ళ ఇంటి సంగతి అనుకోకండి. వాకిట్లో పది మంది నిలబడండి.

చర్చకు ప్రశ్నలు

చట్టం వల్ల మానడానికీ, శీలం వల్ల మానడానికీ తేడా ఏమిటి? మీ ఊరి నుంచి ఉదాహరణ చెప్పండి.

'తాగుడు మీద కోపం, మనిషి మీద కాదు' అన్న మాటను మీరు ఎలా ఆచరిస్తారు? దానికి హద్దు ఎక్కడ?

మీ అవ్వ లేదా అమ్మ దగ్గర మీరు నేర్చుకున్నది ఒకటి, నేర్చుకోకూడదని నిర్ణయించుకున్నది ఒకటి చెప్పండి.

అందరూ మెలకువతో, క్షేమంగా ఉందురు గాక.

జై భీమ్! నమో బుద్ధాయ!